పదికి సున్నా

"పదికి సున్నా," అన్నారు నాన్న, తడిగుడ్డ విప్పి.

క్యారేజీ మూత బిగిస్తున్న కూతురి చేయి ఆగిపోయింది. "అన్నీ నొక్కేశారా, నాన్నా?"

"నొక్కకపోతే ఎలా తెలుస్తుందే?"

మొలవని గింజను చిన్న పట్టకారుతో నొక్కి చూడాలి. చచ్చిన గింజైతే మెత్తగా చితుకుతుంది. విత్తన పరీక్షల ఆఫీసులో ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని అదే. అక్కడ అందరూ ఆయన్ని మొలకల మాస్టారనేవారు.

"లోపల తెల్లగా, గట్టిగానే ఉంది," అన్నారాయన, పగిలిన గింజను వెలుతురుకు పట్టి. "మరెందుకు మొలవట్లేదు? పులియబెట్టడంలో మీ అమ్మ ఏమైనా తేడా చేసిందంటావా?"

"అమ్మ చేతిలో తేడా ఎప్పుడొచ్చింది?"

అమ్మ పోయి ఏడాది. పెరట్లో ఇరవయ్యేళ్లు మంచి కాయల్ని ఏరి ఏరి నిలబెట్టుకున్న టమాటా అది. గుజ్జు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబోసి, కవరు మీద 'మనది' అని రాసింది. ఆ కవర్లో ఇక మిగిలినవి పదే గింజలు.

"వీటిని ఉంచేద్దాం, నాన్నా. పోనీ, ఐదైనా."

"ఐదు గింజలతో చేస్తే దాన్ని పరీక్ష అనరు, జోస్యం అంటారు."

ఆమెకు నవ్వు రాలేదు. పోయిన నెల కవరు దాస్తే ఆయన అన్నం మానేసి ఇంట్లో డబ్బాలన్నీ బోర్లించారు. బజారు గింజలు మార్చి పెడితే వేలితో తడిమి, "ఇవి మీ అమ్మవి కావు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. చూడలేక తనే మళ్లీ తెచ్చిచ్చింది.

నాన్న ఆ పదింటినీ గుడ్డలో వరసగా పేర్చి, తడిపి, మడిచి, గిన్నెలో పెట్టారు.

"నేను చెప్పేదాకా విప్పనని మాటివ్వండి."

"నువ్వు చెప్పేదేంటి? ఏడో రోజున విప్పాలి. గోడ మీద క్యాలెండర్ ఉంది, రోజుకో కాగితం చింపుతున్నాను. నాకే నేర్పుతావా?"

"నావల్ల కాదులెండి," అని క్యారేజీ అందుకుంది.

క్యాలెండర్‌లో ఏడు కాగితాలు చిరిగాయి.

ఆమె ఖాళీ క్యారేజీ సింకులో పెట్టి వచ్చేసరికి నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు విప్పిన గుడ్డ, చేతిలో పట్టకారు.

"ఒక్కటీ మొలవలేదమ్మా." ఆయన పట్టకారు బల్ల మీద పెట్టేశారు. "పదీ నొక్కి చూశాను. బతికున్నట్టే ఉన్నాయి. నా చేతుల్లోనే ఏదో పోయింది."

ఆమె గుడ్డ అంచుతో ఆయన వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది.

"తొందరపడ్డానంటావా? ఏడు రోజులూ ఆగాను కదే."

"ఆగారు, నాన్నా."

ఆ గింజల్ని ఆయన తడిపింది ఆ రోజు పొద్దున్నే.