కుంటి గుర్రాల బేరగాడు

ఆ మనిషి ఆ రోజు కూడా వచ్చాడు.

పందేల మైదానం లాయాల మధ్య తిరుగుతూ, కనపడ్డవాళ్ళనల్లా ఒకటే అడుగుతున్నాడు. మీ గుర్రాల్లో ఏదైనా కుంటుతోందా అని.

డెల్లాకి ఒళ్ళు మండింది. పందేలకి కొనేవాడెవడైనా బాగా పరిగెత్తేదాన్ని అడుగుతాడు. కుంటిదాన్ని వెతికేవాళ్ళు కెంటకీ మొత్తంలో రెండే రకాలు. పందెం అధికారులకి చాడీలు మోసి గుర్రాన్ని తప్పించేవాళ్ళు ఒకళ్ళు. గుర్రాల్ని చంపి ఎముకలు ఉడికించే జిగురు ఫ్యాక్టరీకి తోలుకెళ్ళేవాళ్ళు ఇంకొకళ్ళు.

ఎవరైనా సరే, డెల్లా కొంప మునిగినట్టే.

ఆమెకున్నది ఒక్కటే గుర్రం, విల్లో. బూడిదరంగు ఆడగుర్రం. ముందు కుడికాలి కీలు కొన్నాళ్ళుగా వాచి ఉంది. రోజూ పొద్దున్నే ఐసు నీళ్ళ బకెట్లో ఆ కాలు పెట్టించి, వాపు దింపి, ఏమీ ఎరగనట్టు బయటికి తెచ్చేది.

శనివారం పందెం గెలిస్తే ఆమే, విల్లో మీద స్వారీ చేసే జాకీ వెస్సూ పెళ్ళి చేసుకుని, ఈ ఊరూరా తిరిగే బతుకు మానేసి చిన్న పొలం తీసుకోవాలి. విల్లోకి అదే ఆఖరి పందెం. ఆ మాట దాని మెడ నిమురుతూ దానికీ చెప్పుకుంది.

వెస్ ఆ మనిషిని ఎగాదిగా చూసి, అనుమానమే లేదు, జిగురు ఫ్యాక్టరీ వాడేనని తేల్చేశాడు.

"లారీ మీద పేరు కూడా లేదు చూడు. మంచి పని చేసేవాడు పేరెందుకు దాచుకుంటాడు?"

"మొహం చూస్తే పాస్టరు గారిలా ఉన్నాడు."

"అలాంటి మొహాలతోనే గొంతు కోస్తారు."

మధ్యాహ్నానికి ఆ మనిషి విల్లో దగ్గరికి వచ్చి ఆగాడు. కొత్తవాళ్ళని దగ్గరికి రానివ్వని గుర్రం కాస్తా ముందుకొచ్చి అతని భుజం మీద మూతి ఆనించింది. జేబులో పంచదార పెట్టుకుని వచ్చాడన్నమాట, అనుకుంది డెల్లా. అతని చేతుల వంక చూసింది. ఖాళీగానే ఉన్నాయి.

"దీన్ని నేను..." అంటూ మొదలుపెట్టాడు.

"కొనే మాటైతే ఎత్తకండి."

అతను తలూపాడు. వంగి ముందుకాళ్ళ వంక చూస్తూ అడిగాడు.

"కాలెలా ఉందమ్మా?"

"మీ కాలికన్నా బాగుంది."

కోపం తెచ్చుకోలేదు సరికదా, నవ్వాడు. ఒకసారి నడిపించి చూపించమన్నాడు. ఐసు నీళ్ళలోంచి తీసి ఎంతోసేపు కాలేదు కాబట్టి డెల్లా ధీమాగానే నడిపించింది. విల్లో పెళ్ళికూతురిలా నడిచింది.

"పరిగెత్తే సరదా ఉన్నదాన్ని ఆపకూడదు. నొప్పుంటే మాత్రం దాచకు. మంచి ధర ఇస్తాను."

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. మా అమ్మ మీద ఒట్టు."

"అయితే సరే" అని టోపీ తీసి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పక్క లాయంలో ముసలి హ్యాటీ మాత్రం తన కుంటి గుర్రం బిషప్‌ని అతనికి అమ్మేసింది. మేపే స్తోమత లేదని కళ్ళు తుడుచుకుంది. డెల్లా జాలిపడకపోగా, ఇకమీదట హ్యాటీ జిగురు రాసి కవరు అంటించినప్పుడల్లా బిషప్‌ని తలుచుకోవాలని దెప్పింది.

శనివారం విల్లో ఆఖరి మలుపు దాకా అన్నిటికన్నా ముందుంది.

ఆ మలుపులో కుడికాలు విరిగింది. వెస్ ఎగిరి పడ్డాడు. అతనికి భుజం ఎముకతో పోయింది. కాలు విరిగిన పందెం గుర్రం ఇక బతకదని విల్లో చుట్టూ మాత్రం గుడ్డ తెర కట్టారు. తెర వెనక తుపాకీ పేలింది. డెల్లా కళ్ళెం చేత్తో పట్టుకుని ఇవతల నిలబడిపోయింది. తప్పు తనదేనని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సోమవారం హ్యాటీ మొక్కజొన్న రొట్టె తెచ్చి పెట్టింది. డెల్లా ముట్టుకోలేదు.

"నాది పరిగెడుతూ పోయింది. నీ దానిలా జిగురైపోలేదు."

ఆ మాట తనకే చేదుగా తగిలింది.

హ్యాటీ పక్కన కూర్చుంది. డెల్లా దెప్పినప్పటి నుంచి నిద్రపట్టక, ఆదివారం ఆ మనిషి ఊరు వాకబు చేసుకుంటూ వెళ్ళిందట.

"బిషప్ గడ్డి మేస్తున్నాడు పిల్లా. వాగు పక్కన పచ్చిక నిండా కుంటి గుర్రాలే. అన్నిటి కాళ్ళకీ ఆయనే కట్లు కడుతున్నాడు."

డెల్లాకి అప్పుడు కూడా నమ్మకం కుదరలేదు. లాభం లేకుండా ఎవడు మేపుతాడని అడిగింది.

"ఆయన లాయంలో పుట్టినవేనట అన్నీ. చెడ్డ రోజుల్లో గుర్రాల ఫారం వేలమైపోతే తలో దిక్కూ పోయాయి. ఇప్పుడు కాస్త నిలదొక్కుకున్నాక, పరిగెత్తలేనివాటిని వెతికి ఇంటికి తెచ్చుకుంటున్నాడు. పరిగెత్తేవాటి జోలికి పోడు."



హ్యాటీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"శనివారం సంగతి ఆయనకీ, ఆయన పెళ్ళానికీ ఇంకా తెలీదు. నేనూ చెప్పలేకపోయాను. తల్లి చచ్చిపోతే తను సీసాతో పాలు పట్టి పెంచిన బూడిదరంగు గుర్రప్పిల్ల ఇంకా నొప్పంటే ఎరగకుండా పరిగెడుతోందని, నీ దగ్గర్నుంచి వచ్చిన రోజంతా పెళ్ళానికి చెప్పుకుని మురిసిపోయాడట."