రెండో నంబరు

"మీ అమ్మాయికి క్యాన్సర్ రాకుండా టీకా వేయించాలి, తీసుకురండి" అని నర్సు తొమ్మిదిసార్లు మెసేజ్ పంపింది. తొమ్మిదిసార్లూ తండ్రి నుంచి నిమిషంలో జవాబు వచ్చింది: "అలాగే, తీసుకొస్తాను."

అమ్మాయి మాత్రం రాలేదు.

పదోసారి నర్సు ఫోన్ చేసింది.

"ఏమండీ, మాతో ఆటలాడుతున్నారా? వచ్చే నెల పిల్లకి పదిహేను నిండుతాయి. ఆ తర్వాత రెండు సూదులతో పోయేదానికి మూడు వేయాల్సి వస్తుంది. ఆ నొప్పి మీకా, పిల్లకా?"



"పాప నా దగ్గర ఉండదమ్మా. మేం విడిపోయి నాలుగేళ్లయింది. వాళ్లమ్మ నంబరు చెబుతాను, రాసుకోండి."

"ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగా!"

"చెబితే నాకు మెసేజ్‌లు పంపడం మానేస్తారు కదా."

నర్సు నంబరు రాసుకుంది. ఆ శనివారమే తల్లి అమ్మాయిని తీసుకొచ్చి మొదటి సూది వేయించింది.

ఆరు నెలల తర్వాత, రెండో సూది మెసేజ్ రెండు నంబర్లకూ వెళ్లింది. పాత నంబరు తీసేయాల్సింది నర్సే. తీయలేదు.

తల్లి జవాబివ్వలేదు గానీ, చెప్పిన రోజుకి అమ్మాయితో వచ్చింది.

తండ్రి జవాబు ఎప్పటిలాగే నిమిషంలో వచ్చింది: "అలాగే, తీసుకొస్తాను."