పది సెకన్లు

కెమెరా కూత మొదలుపెట్టింది.

పిచ్చుక ఒక్క పరుగున వెళ్ళి కుర్చీలో కూలబడింది.

పది సెకన్లు. క్లిక్.

లేచి వెళ్ళి చూసుకుంది. వెనకాల గోడ మీద ఊడిన పెచ్చులు కూడా లెక్కపెట్టొచ్చు. ముందున్న తన మొహం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలోలా అలుక్కుపోయింది.

ఇది పందొమ్మిదోది. గడియారం మూడూ నలభై చూపిస్తోంది. కెమెరా బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే ఆ పిల్ల మరీ సన్నగా ఉంటుందని అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఫొటో స్టూడియోలో సహాయకురాలి ఉద్యోగం ఉందని తెలిసి, వారం కిందటే సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి కొనుక్కుంది. స్టూడియో యజమానురాలు పెట్టిన పరీక్ష ఒక్కటే. ఎవరి ఫొటో వాళ్ళే తీసుకుని, ఈరోజు సాయంత్రం అయిదులోపు కెమెరాతో సహా తెచ్చి చూపించాలి. ఇంకొకరు బటన్ నొక్కితే చెల్లదు.

చూపించలేకపోతే జన్మంతా బొత్తాలే.

"అద్దం ముందు నిలబడితే పోయేదానికి ఇంత హైరానా ఏంటే!" అని నవ్వి పిన్ని పనికి వెళ్ళిపోయింది. ఇంట్లో పిచ్చుక ఒక్కతే ఉంది.

ఎవరో తలుపు కొట్టారు.

గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది. ఎవరో ముసలాయన. చంకలో గొడుగు, భుజాన ఖాళీగా వేలాడుతున్న సంచి.

"అమ్మా, నీతో ఒక్క మాట మాట్లాడాలి."

"ఇప్పుడు కుదరదండీ, తర్వాత రండి." ఆయన మొహం మీదే తలుపు వేసేసింది.

మళ్ళీ బటన్. పరుగు. కూత. క్లిక్.

మళ్ళీ గోడే.

మెట్లు దిగిన చప్పుడు వినపడలేదు. అంటే ఆయన కదల్లేదన్నమాట. పిచ్చుక తలుపుకి గడియ కూడా వేసింది.

"ఇంకా ఎందుకున్నారు?"

"గోడ బాగా పడి, మొహం మసగ్గా వస్తోందా?" అన్నాడాయన తలుపు అవతలి నుంచే.

ఆమె తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

"తొంగి చూస్తున్నారా? అరుస్తాను, ఏమనుకున్నారో!"

"మూసిన తలుపులోంచి ఏం కనపడుతుందమ్మా! చప్పుడు వింటున్నానంతే. నువ్వు బటన్ నొక్కేటప్పుడు కుర్చీలో ఎవరూ ఉండటం లేదు. కెమెరా మాత్రం ఏం చేస్తుంది? ఎదురుగా ఉన్న గోడనే పట్టుకుంటుంది."

మాట సబబుగానే ఉంది. పిచ్చుకకి అందుకే ఇంకా భయం వేసింది.

"ముందు మీరు వెళ్ళిపోండి! అయిదులోపు ఈ కెమెరాతో నా ఫొటో తీసుకెళ్ళి స్టూడియోలో చూపించకపోతే నాకు ఉద్యోగం రాదు!"

"వెళ్తాలే. నీ మొహం ఎంత ఎత్తున ఉంటుందో, కుర్చీలో అంత ఎత్తున ఏదన్నా నిలబెట్టు. చీపురైనా సరే."

"చీపురా?"

"నీకంటే అదే నయం. పరిగెత్తదు."

నాలుగూ అయిదైంది. స్టూడియోకి బస్సులో అరగంట. వేరే దారి లేదు. ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే చీపురు తెచ్చి, తువ్వాలుతో కుర్చీ వీపుకి కట్టింది.

"పెట్టాను. ఇప్పుడు?"

"బటన్ సగం నొక్కి చూడు. చీపురు పుల్లలు విడివిడిగా కనపడుతున్నాయా?"

"ఆఁ, కనపడుతున్నాయి."

"అలాగే ఉంచి, లెన్సు పక్కనున్న బుల్లి మీట కిందికి జరుపు. ఇక దాని చూపు అక్కడే ఉండిపోతుంది. ఆ మీట కాస్త మొండిది, గోరుతో నెట్టు."

నిజంగానే మొండికేసింది. గోరుతో నెడితే కదిలింది.

"చీపురు తీసేసి నువ్వు కూర్చో. తల సరిగ్గా అక్కడే ఉండాలి సుమా!"

కూత. పది సెకన్లు. క్లిక్.

కనురెప్పల వెంట్రుకలతో సహా పడింది!

"వచ్చింది!" ఉండబట్టలేక అరిచేసింది.

"మొహం ఎలా ఉంది?"

మళ్ళీ చూసింది. కళ్ళు తలుపు వైపుకే బిగుసుకుపోయి ఉన్నాయి.

"భయపడుతున్నట్టుంది."

అవతల గొడుగు నేలకి ఆనిన చప్పుడైంది.

"నా వల్లేగా," అన్నాడాయన. "నేను దిగి వెళ్ళిపోతాను. చప్పుడు ఆగాక ఇంకొకటి తీసుకో. అదే చూపించు."

ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు. కింద గేటు మూసుకుంది.

హమ్మయ్య, పీడ విరగడైందనుకుంది పిచ్చుక. గుండెల నిండా ఊపిరి తీసుకుని బటన్ నొక్కింది. ఈసారి ఫొటోలో బెదురు లేదు.

ఉద్యోగం వచ్చింది. యజమానురాలు ఆ ఫొటోలో కళ్ళనే చాలాసేపు చూసి, "రేపట్నుంచి వచ్చెయ్," అంది.

అప్పట్నుంచీ పిచ్చుకకి ముద్ద దిగలేదు. అంత సాయం చేసిన మనిషిని దొంగని అదిలించినట్టు అదిలించింది. ఎందుకొచ్చారని కూడా అడగలేదు. కెమెరాల సంగతి తెలిసిన మనిషి కదా, తను కెమెరా కొన్న షాపులో అడిగితే తెలుస్తుందని నాలుగో రోజు అక్కడికి వెళ్ళింది.

ఆమెని చూడగానే షాపాయన లేచి నిలబడ్డాడు.

"నేనే వద్దామనుకున్నానమ్మా. మొన్న మీ ఇంటికి తాళం వేసి ఉందటగా?"

"తాళమా? ఎవరన్నారు?"

"గొడుగాయన. నీ అడ్రసు ఇచ్చి పంపింది నేనే. తాళం వేసి ఉంది, ఇంక మళ్ళీ వెళ్ళను, నువ్వు కూడా ఆ పిల్లనేం అడగొద్దు అన్నాడు."

"ఆయన ఎక్కడుంటారు? ఒక్కసారి కలవాలి."

"ఇంకెక్కడ! నిన్ననే గది ఖాళీ చేసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడికని అడిగినా చెప్పలేదు."

"అసలు నా దగ్గరికి ఎందుకొచ్చారండీ?"

షాపాయన తల దించుకున్నాడు.

"రిపేరుకిచ్చిన ఆయన కెమెరాని పొరపాటున అమ్మకం అరలో పెట్టి నీకమ్మేశాను తల్లీ, దాంతోనే బతికే మనిషి, నిన్నడిగి తీసుకుపోదామని వచ్చాడు."