చౌరస్తాలో సిద్దయ్య నవ్వు

భవాని మొగుడు రత్నాకర్‌కి అన్ని మాటలూ వచ్చు, ‘తప్పయింది’ అన్న మాట తప్ప. పెళ్లయిన నాటి నుంచీ అది చెవిన పడుతుందేమోనని ఆమె ఎదురుచూస్తూనే ఉంది. అతని ఫోటో స్టూడియో ముందు ముసలి సిద్దయ్య ఆటో దిగుతున్నా సరే, ఇవాళ కూడా పడేలా లేదు.

తన పనితనం ఊరంతా చూడాలని రత్నాకర్, తెల్ల తలపాగాతో నవ్వుతున్న సిద్దయ్య ఫోటోను నిలువెత్తు ఫ్లెక్సీ చేయించి ఇబ్రహీంపట్నం చౌరస్తాలో కట్టించాడు. ముసలాయన్ని ఒక మాట అడగమని భవాని ముందే చెప్పింది.

“తీసింది నేనైతే, అడిగేదేంది?” అన్నాడు.

చౌరస్తాలో ముసలాయన ఒక్కడే నవ్వుతుంటే జనం ఏమనుకుంటారు? కింద స్టూడియో పేరు చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది. తెల్లారేసరికి బొంగులూరు చుట్టాలంతా పూలదండలతో ఏడ్చుకుంటూ సిద్దయ్య ఇంటి ముందు దిగారు. అరుగు మీద చాయ్ తాగుతున్న సిద్దయ్యే వాళ్లకు ఎదురెళ్లి, పోయిందెవరని అడిగాడట.

ఇప్పుడాయన చంకలో పొడుగాటి మూటతో లోపలికొచ్చాడు. ఫోటో మీద హక్కు తీసినవాడిదేనని రత్నాకర్ మొదలుపెట్టబోతే చెయ్యి ఊపి ఆపాడు.

“కోపం లేదు బిడ్డా. పొలం గెట్టు కాడ పంచాతైనంక మా తమ్ముడు బుగ్గయ్య నాతోని మాట్లాడలే. గా ఫ్లెక్సీ జూసి దండ పట్టుకొని ఉరికొచ్చిండు. నన్ను అలుముకొని మస్తు ఏడ్చిండు. ఇప్పుడు ఇద్దరం మంచిగున్నం.”

రత్నాకర్ ఛాతీ పొంగింది. చూసినవా అన్నట్టు భవాని వైపు తిరిగాడు.

“గందుకే నీకు గూడ మేలు చేద్దామని వచ్చిన,” అంటూ సిద్దయ్య మూట విప్పి నేల మీద పరిచాడు. నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో తెల్ల చొక్కాతో నవ్వుతున్న రత్నాకర్. “మీ తమ్ముడు దివాకర్ నీతోని మాట్లాడడంట గద. పొద్దుగూకంగ చౌరస్తాల కట్టిస్త. ఎట్ల ఉరికొస్తడో సూడు.”

రత్నాకర్ ముఖం పాలిపోయింది. “నన్ను అడగకుంట ఎట్ల కడ్తవ్ బాపూ?”

“చేయించింది నేనైతే, అడిగేదేంది?”

ఆ మాట రత్నాకర్ ఇంట్లో తప్ప ఇంకెక్కడా అనలేదు. ఆ తెల్ల చొక్కా ఫోటో కూడా ఇంటి గోడ మీద తప్ప ఇంకెక్కడా లేదు. మెల్లగా భవాని వైపు చూశాడు. ఆమె చాయ్ గ్లాసులు సర్దుకుంటోంది.

“తప్పయింది బాపూ,” అన్నాడు చివరికి. “ముందుగాల నిన్ను అడగాల్సుండె.”

భవాని గ్లాసులు పక్కన పెట్టి ఫోన్ అందుకుంది.

“జర ఇంకోసారి అంటవా? వీడియో తీసుకుంట. సూడు, అడిగే తీస్తున్న.”