నాలుగు మడతల గుడ్డ

"పెట్టె సర్దుకో పాపా. మాపటి బస్సుకు ఊరికి పోదాం" అన్నాడు దేవేంద్రప్ప, కాలేజీలో జంతుశాస్త్రం గది గుమ్మం దాటకుండానే. అతని కుడికాలికి నారికురుపు. బయటికి వచ్చినంత పురుగును చిన్న పుల్లకు చుట్టి, పైన గుడ్డ కట్టి, పత్తికొండ తట్టు నుంచి బస్సెక్కి, కుంటుకుంటూ వచ్చాడు.

ఓబులమ్మ చేతిలో కప్పను కోసే కత్తి అట్లాగే ఉండిపోయింది. కర్నూలు రాజధాని అయిన రెండో ఏడది. ఇంటర్ సైన్సులో ఆడపిల్ల తనొక్కతే. ఈ గది వదలమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే.

"ఏం తప్పు చేస్తి నాయనా?"

"మన బావినీళ్లలో పురుగులుండాయని రెండు నెల్ల కిందట జాబు రాస్తివే! తాతల కాలం నుంచి తాగుతాండే నీళ్లు! ఇదేనా నీ చదువు?" లోపలికి వచ్చి, భుజాన వేలాడుతున్న సొరబుర్ర తీసి ఠప్పున బల్లమీద పెట్టాడు. "ఆ దిగుడుబావి నీళ్లే ఇవి. చూపించు. కనపడితే ఎంతైనా చదువుకో. లేకుంటే నడు."

పాఠం చెబుతున్న దావీదురాజు మాస్టారు మైక్రోస్కోపును ఆమె ముందుకు జరిపాడు.

ఓబులమ్మ గాజుపలక మీద ఒక చుక్క వేసి చూసింది. ఏమీ లేదు. రెండో చుక్క. లేదు. మూడోదీ అంతే.

"యాడుండాయి?" అన్నాడు తండ్రి.

మాస్టారు సొరబుర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ నీళ్లు ఎవరు పట్టినారప్పా?"

"వాళ్లమ్మ మహాదేవమ్మ. రెండు నెల్ల నుంచి ఆమెకో పిచ్చి పట్టుకుండాది సారూ. నాలుగు మడతల గుడ్డలో వడపోయందే ఎవర్నీ చుక్క తాగనియ్యదు. ఇదో, ఆ గుడ్డనే బుర్రకు బిరడా పెట్టింది."

ఓబులమ్మ బిరడా లాగింది. ఇంకా తడి ఆరలేదు. మడత విప్పకుండానే గిన్నెలోని మంచినీళ్లలో జాడించి, అందులోంచి ఒక చుక్క తీసి చూసింది. అమ్మయ్య అనుకుని పక్కకు జరిగింది.

దేవేంద్రప్ప ఒక కన్ను మూసి వంగాడు.

ఆ ఒక్క చుక్కలో తిరునాళ్లంత సందడి. ఒంటికన్ను జీవులు, రెండు పక్కలా గుడ్ల సంచులు వేలాడేసుకుని, బరువులెత్తిన గాడిదల్లాగా గెంతుతూ పోతున్నాయి. ఒక్కోదాని పేగు కూడా గాజులోంచి చూసినట్టు కనబడుతోంది. చాలాసేపటివరకు అతను తలెత్తలేదు.

"దేవుడా... ఇన్నాళ్లూ ఇవన్నీ మాతోబాటే ఉండాయా?"

"నీ కాల్లో పురుగు పిల్లగా ఉన్నప్పుడు ఇట్లాంటి దాని కడుపులోనే ఉండె నాయనా. పోయినేడు నీళ్లతోబాటు మింగినావు."

దేవేంద్రప్ప చెప్పులు విప్పి మైక్రోస్కోపుకు దండం పెట్టాడు. "నేనే ఓడిపోతి పాపా. చదువుకో."

"నీళ్లు గుడ్డలో వడపోసుకోమని చివర్లో రాసింటి. నా జాబు అమ్మకు చదివి వినిపిస్తివి కదా, అదే శానా మేలు చేసింది."

తండ్రి తల దించుకున్నాడు. "యాడ వినిపిస్తి? సగం చదివేసరికే కోపమొచ్చి చూరులో దోపితి. ఆమెకా, అక్షరమ్ముక్క రాదు. ఈ వడపోత యాడ నేర్చుకుందో ఏమో!"

ఓబులమ్మ గుడ్డను ఆరేద్దామని మడతలు ఒక్కొక్కటే విప్పింది. అన్నిటికన్నా లోపలి మడతలో, ఎర్రదారంతో కుట్టిన వంకరటింకర అక్షరాలు:

"రావద్దు పాపా. సదువుకో."