అరిగిన కత్తి

"ఆగమ్మాయ్! దాన్నెక్కడికి మోసుకెళ్తున్నావ్?"

మెట్ల మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు. కింది వాటా ఆవిడ ఇంటికి ఆ వారమే వచ్చిన చుట్టం.

"చెత్తకుండీలోకండీ. ఎండిపోయింది."

ఆ మాట అంటుంటేనే కొత్త కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ గులాబీ మొక్క, కాపురానికొచ్చిన రోజు మొగుడు తెచ్చిచ్చింది.

పెద్దాయన జేబులోంచి మడత కత్తి తీశాడు. అరిగి అరిగి గడ్డిపోచలా సన్నబడి ఉంది. దాంతో కొమ్మ మీద మెత్తగా గీరాడు.

"చూడు, లోపల పచ్చగా ఉంది. చావలేదు తల్లీ, అలిగిందంతే."

అలా అంటూనే చకచకా కొమ్మలన్నీ కోసేశాడు.

"అయ్యయ్యో! గుండు చేసేశారేంటండీ!"

"మొలుస్తుందిలే. నా తలకాయలాంటిది కాదు."

నవ్వొచ్చినా ఉక్రోషం తగ్గలేదు. అదంతా కత్తి మీద చూపించింది.

"ఇంత అరిగిపోయాక కొత్తది కొనుక్కోకూడదూ?"

"మా ఆవిడ ఇచ్చింది, పెళ్లైన కొత్తలో. దాచుకోమని కాదు, వాడుకోమని."

కత్తిని చొక్కా అంచుకి తుడిచి, పసిపిల్ల వేళ్లు మడిచినట్టు మడిచాడు.

ఆమెకి ఇంట్లో ఉన్న మరో కత్తి గుర్తొచ్చింది. మొగుడికి తను ముచ్చటపడి కొనిచ్చిన కత్తి అద్దాల బీరువాలో, వచ్చిన పెట్టెలోనే ఉంది మరి.

సాయంత్రం అతను చెప్పులైనా విప్పకముందే నిలదీసింది.

"నేనిచ్చిన కత్తి ఎందుకు వాడవు?"

"గీతలు పడతాయని. నువ్వు ప్రేమగా ఇచ్చావు కదా!"

"అయితే నన్ను కూడా బీరువాలో పెట్టి తాళం వేసెయ్."

"అమ్మో! మరి నాతో పోట్లాడేదెవరు?"

ఇద్దరూ నవ్వుకుంటూ ఆ కత్తితోనే జామకాయ కోసుకున్నారు. తళతళలాడే కత్తి మీద మొదటి మరక పడింది. అది కూడా ఆమెకి ముద్దొచ్చింది.

వానలు పడ్డాక మొక్క చిగురు తొడిగింది. ఆపైన పూసింది. మొగ్గలో పసుపు, విచ్చుకునే కొద్దీ అంచులకి పాకే ఎరుపు. మొదటి పువ్వు పెద్దాయన చేతికే ఇవ్వాలని ఆమె రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తింది.

కింది వాటా ఆవిడ తలుపు తీయగానే, పెద్దాయన ఉన్నారా అని ఆమె అడిగింది.

"అన్నయ్యా? ఎప్పుడో వాళ్ల ఊరు వెళ్లిపోయాడమ్మా."

"అయ్యో! నా మొక్కకి గుండు చేశారని ఎంత తిట్టుకున్నానో పిన్నిగారూ. చూడండి, ఎలా పూసిందో!"

ఆవిడ పువ్వుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఏ పువ్వో అన్నయ్య నీకు చెప్పలేదా?"

"చెప్పడానికేముందండీ, గులాబీయే కదా?"

"గులాబీయేలే. ఈ రంగు లోకంలో ఎక్కడా లేనప్పుడు, మా వదిన జడలో పెట్టాలని, రెండు రకాలు కలిపి, జేబులో ఉండే ఆ కత్తితోనే అంటుకట్టి మొట్టమొదట పూయించింది మా అన్నయ్యేనమ్మా."