ఒక్క స్టార్

"వెనక ఆ చప్పుడేంది?" అని అడిగాడు ఇంటర్వ్యూ చేస్తున్న మనిషి.

శివకృష్ణ గతుక్కుమన్నాడు.

ఫోన్‌లో అవతలి మనిషి ముఖం కనబడటం లేదు. అంతదాకా హిందీలో మాట్లాడిన గొంతు ఉన్నట్టుండి తెలుగులోకి దిగింది.

"సాంచాలు సార్. మాది సూరత్‌ల ఉధ్నా. కింద మగ్గాల కార్ఖానా, మీద మా గది."

"మీ బాపు నడుపుతడా?"

"అవును సార్."

"అన్నం తిన్నవా?"

ఇదేం ప్రశ్నో శివకృష్ణకు అర్థం కాలేదు. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం, టికెట్టు, గది అన్నీ కంపెనీవే అని ఊరించిన ఏజెంటు ఇలాంటివి అడుగుతారని చెప్పలేదు.

"తిన్న సార్."

"ఎవరు వండిన్రు?"

"మా అమ్మ."



బీసీఏ పాసై, చెప్పులరిగేలా ఆఫీసులు తిరిగిన శివకృష్ణకు ఇది ఆఖరి ఆశ. ఇదీ పోతే తండ్రి పక్కన సాంచాల మీద నిలబడాల్సిందే. కార్ఖానా సేఠ్ ఇప్పటికే రమ్మంటున్నాడు.

తర్వాత ఫోన్‌లోనే టైపింగ్ పరీక్ష పెట్టారు. శివకృష్ణ వేళ్లు పరుగెత్తాయి. ఒక్క తప్పు పోలేదు.

"గింత స్లోనా? నువ్వు పనికిరావు."

"సార్, జర ఇంకోసారి చూడండ్రి."

"చూసేదేం లేదు. పోయి మీ బాపుతోని సాంచాలు నడుపుకో. మళ్ల ఈ కంపెనీ మొఖం చూడకు. ఎవరు ఫోన్ చేసినా ఎత్తకు."

ఫోన్ కట్టయింది.

శివకృష్ణకు ఒళ్లు మండిపోయింది. ఫెయిలైనందుకు కాదు, సాంచాల మాట ఎత్తినందుకు.

"ఏమైంది బిడ్డా?" చీరల దారాలు కత్తిరిస్తున్న తల్లి పద్మారాణి తలెత్తింది.

"తెలుగోడే అమ్మా. మనోడని సంబరపడ్డ. మనోడే ముంచిండు."

"పోనీ తియ్. మనకు రాసిపెట్టి లేదు."

ఊరికే పోనిచ్చే రకం కాదు శివకృష్ణ. అంతలో ఫోన్‌కు కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. 'మా సార్ ఎలా మాట్లాడారు? స్టార్లు ఇవ్వండి.'

చల్లారిన బిర్యానీ తెచ్చినవాడికి కూడా పాపమని ఐదు స్టార్లు నొక్కే మనిషి, ఆ సార్‌కు ఒక్కటే నొక్కాడు. కింద కసిగా రాశాడు కూడా. 'టైపింగ్ బాగా చేసినా ఫెయిల్ చేశాడు. తెలుగులో మాట్లాడి, మళ్లీ రావద్దన్నాడు. కావాలనే వెనక్కి పంపుతున్నాడు.'

పంపాక మనసు చల్లబడింది.

ఆ వారమే డిండోలిలో ఉండే స్నేహితుడు వినోద్ కూడా అదే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చాడు.

"వేరే సార్ వచ్చిండు భై. మొత్తం హిందీలనే. ఇట్ల కూసున్న, అట్ల పాస్."

కొత్త సార్ దగ్గర నీకూ మళ్లీ ఇప్పిస్తానన్నాడు ఏజెంటు. పొమ్మన్న చోటికి పోనన్నాడు శివకృష్ణ. పౌరుషం అడ్డొచ్చింది.

వినోద్ పేడాలు పంచి విమానమెక్కాడు. శివకృష్ణ సాంచాల మీద నిలబడ్డాడు. దారం తెగినప్పుడల్లా ఆ గొంతును తిట్టుకున్నాడు.

వానలు వెనకబట్టాక వినోద్ తిరిగొచ్చాడు. పోలీసులు విడిపించి తెచ్చారు. మనిషి సగమయ్యాడు. చేతుల మీద కాలిన మచ్చలు.

"ఉద్యోగం కాదురా అది. దిగంగనే పాస్‌పోర్టు గుంజుకున్నరు. సరిహద్దు దాటించి ఓ బిల్డింగుల ఏసి తాళం పెట్టిన్రు. ఫోన్లు చేసి మనోళ్లనే మోసం చెయ్యమన్నరు. చెయ్యనంటే కరెంటు షాకులు."

శివకృష్ణకు ఆ గొంతు గుర్తొచ్చింది.

"నన్ను ఫెయిల్ చేసిన ఆ తెలుగోడు? పోలీసులకు దొరికిండా?"

వినోద్ తల అడ్డంగా ఊపాడు.

"ఆయన వాళ్ల మనిషి కాదురా. మా లెక్కనే చిక్కినోడు. సిరిసిల్లల సాంచాల ఇల్లట. కొట్టి కొట్టి ఇంటర్వ్యూలకు కూసోబెట్టిన్రు. తెలుగు పోరలు ఎవరొచ్చినా ఏదో ఒక వంక పెట్టి వెనక్కి పంపేటోడట."

శివకృష్ణ లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు ఏడున్నడు?"

"నేను పోయేసరికే లేడు. ఎటు తీస్కపోయిన్రో ఎవరికీ తెల్వదు."

కింద సాంచాలు ఆగకుండా నడుస్తున్నాయి. అడగకుండా ఉంటే బాగుండునని అనిపించినా శివకృష్ణ అడిగాడు.

"ఆయన సంగతి వాళ్లకెట్ల తెలిసింది?"

"ఆయన కాపాడిన పోరడే ఎవడో, ఒక్క స్టార్ ఇచ్చి కంప్లైంట్ రాసిండట," అన్నాడు వినోద్.